వైఫై దెబ్బకు కూలిన కెర్నెళ్లు

2000 తర్వాతి తొలి పదేళ్లలో లైనక్స్ నడుస్తున్న ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే, ఆ కబురు ముందుగా చెప్పేది కీబోర్డే. క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ లైట్లు రెండూ కలిసి వెలుగుతూ ఆరుతూ ఉండేవి. మౌస్ కదిలేది కాదు. ఏ మీట నొక్కినా పలికేది కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికీ అడుగున ఉండే కెర్నెల్ ఇక ముందుకు నడవడం ప్రమాదమని తేల్చుకుని తనంతట తానే ఆగిపోయిందని దానర్థం. దీన్నే కెర్నెల్ ప్యానిక్ అంటారు. అలా ఆగిన ల్యాప్‌టాప్ గురించి తెలిసినవాళ్లను అడిగితే తరచూ వినిపించిన ఎదురుప్రశ్న ఒకటే: లోపల ఏ వైఫై కార్డు ఉంది?

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. తీగ లేని నెట్‌వర్క్‌కు తొలి ప్రమాణం 802.11 వచ్చింది 1997లో. 1999లో 802.11బి, అదే ఏడాది ఆపిల్ ఎయిర్‌పోర్ట్ వచ్చాయి. 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో పేరుతో వైఫైని ల్యాప్‌టాప్‌లో అంతర్భాగం చేసేసింది. రెండు మూడేళ్లలోనే వైఫై లేని కొత్త ల్యాప్‌టాప్ దొరకడం కష్టమైంది. కార్డులు ఇంత జోరుగా వస్తుంటే వాటిని నడిపే డ్రైవర్లు కూడా అంతే జోరుగా, అంతే తొందరగా తయారయ్యాయి. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడుతుంది. డ్రైవర్ అలా కాదు, అది కెర్నెల్ లోపలే నడుస్తుంది. దాని తప్పు మొత్తం సిస్టమ్‌కు చుట్టుకుంటుంది. 2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లైనక్స్ కోడ్‌ను జల్లెడ పట్టి, మిగతా కెర్నెల్‌తో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువని చూపించారు. విండోస్ ఎక్స్‌పీ క్రాష్‌లలో 85 శాతం డ్రైవర్ల వల్లేనని 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పత్రంలో పేర్కొన్నారు.

డ్రైవర్లలో మళ్లీ వైఫై డ్రైవర్ల పాట్లు వేరు. ప్రింటర్‌కు ఏం పంపాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. వైఫై కార్డు మాత్రం గాలిలో వచ్చేదంతా వినాలి. పక్కింటి రూటర్, ఎదురింటి ఫోన్, దారిన పోయేవాడి ల్యాప్‌టాప్ పంపిన ఫ్రేములన్నీ, అంటే సమాచారపు ముక్కలన్నీ, దాని యాంటెన్నాకు తగులుతాయి. ఏ నెట్‌వర్క్‌కూ కలవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా చుట్టుపక్కల ఎవరున్నారో వెతుకుతూ ఆ ఫ్రేములను విప్పి చదువుతూనే ఉంటుంది. కార్డులో ఫర్మ్‌వేర్ అని ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ తన దారిన తాను నడుస్తుంటుంది. ల్యాప్‌టాప్ మూత వేసి నిద్రపుచ్చి మళ్లీ లేపితే కార్డు ఎక్కడ ఆగిందో డ్రైవర్‌కు తెలియాలి. యూఎస్‌బీ డాంగిల్‌ను పని మధ్యలో పీకేస్తే, దానికి కేటాయించిన మెమరీని ఇంకెవరూ ముట్టుకోకుండా చూడాలి. వీటిలో ఎక్కడ తప్పు జరిగినా క్రాష్ తప్పదు. పైగా అది పదిసార్లలో ఒకసారే జరుగుతుంది. చూపిద్దామని కూర్చుంటే జరగదు.

ఈ క్రాష్‌ను పక్కవాడికి రుజువు చేయడం క్రాష్ కంటే కష్టం. కెర్నెల్ కూలేటప్పుడు తన ఆఖరి మాటలను తెరపైన రాస్తుంది. కానీ గ్రాఫిక్స్ తెర అడ్డుగా ఉంటే ఆ రాత కనపడదు. హార్డ్‌డిస్క్ మీది లాగ్‌లో రాయడానికి ఆ క్షణంలో సిస్టమ్‌కు ఓపిక ఉండదు. అందుకని వాడేవాళ్లు గ్రాఫిక్స్ ఆపేసి, నల్లటి టెక్స్ట్ తెర మీద వైఫైని నడుపుతూ క్రాష్ కోసం కాచుకునేవారు. కూలగానే డిజిటల్ కెమెరాతో తెరను ఫోటో తీసి పంపేవారు. అప్పటికీ ఒక చిక్కు ఉండేది. అసలు కారణం రాసి ఉండేది పై వరుసల్లో. కింది వరుసలు వచ్చిపడుతుంటే పైవి తెర దాటి వెళ్లిపోయేవి. ఫోటోలో మిగిలేది సగం కథే.

ఇంకో దారి సీరియల్ కేబుల్. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే తీసేశారు. మరో దారి నెట్‌కన్సోల్. కెర్నెల్ ఆఖరి మాటలను నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు ఇది. కానీ దాన్ని నమ్ముకోవాలంటే ఈథర్‌నెట్ తీగ ఉండాలి, వైఫై మీద అది నడవదు. కాబట్టి వైఫై క్రాష్‌ను పట్టుకోవాలనుకున్న మనిషి ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి, పక్కన రెండో కంప్యూటర్ పెట్టుకుని, వైఫైని కావాలని కష్టపెడుతూ కూర్చోవాలి. 2005లో కెడంప్ వచ్చాక, కూలిన కెర్నెల్ మెమరీని ఇంకో చిన్న కెర్నెల్ లేచి దాచిపెట్టడం సాధ్యమైంది. దాన్ని సరిగ్గా అమర్చుకోగలిగినవాళ్లు ఎక్కువగా సర్వర్లు చూసుకునేవాళ్లే. ఇంట్లో ల్యాప్‌టాప్ వాడే విద్యార్థికి కెమెరాయే గతి.

ఇంత శ్రమపడి పట్టుకున్న ఆ రాతను లైనక్స్ వాడుకలో ఊప్స్ అంటారు. మొదటి వరుసలో ఏ తప్పు జరిగిందో ఉంటుంది. చాలాసార్లు అది నల్ పాయింటర్, అంటే ఏమీ లేని చోట ఏదో ఉందనుకుని కెర్నెల్ చదవబోయింది. తర్వాత ప్రాసెసర్ రిజిస్టర్లలో ఉన్న అంకెలు, కెర్నెల్‌లోకి ఎక్కించిన మాడ్యూళ్ల పేర్లు. దాని కింద కాల్ ట్రేస్: ఏ ఫంక్షన్‌ను ఏ ఫంక్షన్ పిలిచిందో వెనక నుంచి ముందుకు వరుస. తొలినాళ్లలో అక్కడ పేర్లు ఉండేవి కావు, హెక్సా అంకెల చిరునామాలే. వాటిని పేర్లుగా మార్చడానికి కెసిమూప్స్ అనే ఉపకరణాన్ని విడిగా నడపాల్సి వచ్చేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి ఆ పేర్లను కెర్నెలే రాయడం మొదలుపెట్టింది. చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ కెర్నెల్ గురించి ఏమీ తెలియని మనిషి కూడా ఉన్నది ఉన్నట్టు నకలు చేసి పంపితే డెవలపర్‌కు పనికొచ్చే స్థితి అప్పుడే వచ్చింది. క్రాష్ రిపోర్టుల చరిత్రలో ఇంత మేలు చేసిన మార్పులు కొన్నే.

ఊప్స్‌లో డెవలపర్ కళ్లు ముందుగా వెతికే మాట ఇంకొకటి ఉంది: టెయింటెడ్. సోర్స్ కోడ్ బయటపెట్టని మాడ్యూల్ ఏదైనా కెర్నెల్‌లోకి ఎక్కితే కెర్నెల్ తన మీద తానే ఈ ముద్ర వేసుకుంటుంది. 2001 నుంచి ఈ పద్ధతి ఉంది. ముద్ర ఉన్న రిపోర్టును చాలామంది డెవలపర్లు చదవకుండా పక్కన పెట్టేవారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. తాము చూడలేని కోడ్ ఏ మెమరీని చెడగొట్టిందో వాళ్లెలా చెప్పగలరు? కానీ వైఫై వాడేవాళ్ల బాధ కూడా నిజమే. ఆ రోజుల్లో చాలా కార్డులకు కంపెనీలు విండోస్ డ్రైవర్ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

ఆ ఇరకాటంలోంచి పుట్టిందే ఎన్‌డిస్‌ర్యాపర్. విండోస్ ఎక్స్‌పీ కోసం రాసిన వైఫై డ్రైవర్ ఫైలును లైనక్స్ కెర్నెల్‌లో నేరుగా ఎక్కించి, నువ్వున్నది విండోస్‌లోనే అని దాన్ని నమ్మించే ఏర్పాటు ఇది. పాంటస్ ఫక్స్ 2003లో మొదలుపెట్టారు. తర్వాత ఏళ్ల తరబడి దాని భారం మోసిన మనిషి గిరిధర్ పెమ్మసాని.  విండోస్ కెర్నెల్ ఫంక్షన్లను ఒక్కొక్కటిగా లైనక్స్‌లో తిరిగి రాయడమంటే మాటలు కాదు. బ్రాడ్‌కామ్ కార్డుతో ల్యాప్‌టాప్ కొనుక్కుని లైనక్స్ వేసుకున్న విద్యార్థులు ప్రపంచమంతటా ఆ పని వల్లే ఇంటర్నెట్ ముఖం చూశారు. ఆయనకు రావలసినంత గుర్తింపు రాలేదు.

అయితే ఈ ఏర్పాటు కొత్త రకం క్రాష్‌లు తెచ్చింది. అప్పటి విండోస్ తన డ్రైవర్లకు 12 కేబీ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఇచ్చేది. లైనక్స్ 8 కేబీయే ఇచ్చేది. 2004లో స్టాక్‌ను 4 కేబీకి తగ్గించుకునే వీలు కెర్నెల్‌లో వచ్చింది, లైనక్స్ పంపిణీల్లో ఒకటైన ఫెడోరా దాన్ని వెంటనే వాడుకలో పెట్టింది. విండోస్ డ్రైవర్ ఆ 4 కేబీ దాటి పక్క మెమరీ మీద రాసుకుంటూ పోయేది. ల్యాప్‌టాప్ ఎప్పుడు కూలుతుందో, ఎక్కడ కూలుతుందో అంతు చిక్కేది కాదు. ఒకసారి ఫైల్‌సిస్టమ్‌లో కూలితే ఇంకోసారి కీబోర్డ్ డ్రైవర్‌లో. ఊప్స్ చదివితే ఆ ఫైల్‌సిస్టమ్ రాసినవాళ్లే దోషుల్లా కనపడేవారు. ఇలాంటి రిపోర్టులతో విసిగిన కెర్నెల్ డెవలపర్లు చివరకు మాడ్యూల్ ఎక్కించే కోడ్‌లోనే ఎన్‌డిస్‌ర్యాపర్ పేరు వెతికి ముద్ర వేసే వరుసలు రాశారు. ఎన్‌డిస్‌ర్యాపర్ తన మట్టుకు జీపీఎల్ లైసెన్సున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. దాన్ని కెర్నెల్‌లో ఏ మేరకు రానివ్వాలనే వాదన 2008లోనూ జరిగింది. ఆ వాదనలో ఇద్దరి మాటా నిజమే. తప్పు ఉన్నది కార్డు అమ్మి, దాని వివరాలు దాచిపెట్టిన వాళ్ల దగ్గర.

విండోస్ వాడేవాళ్ల అనుభవం వేరు. నీలి తెర మీద 0xD1 లాంటి కోడ్, దాని కింద బీసీఎండబ్ల్యూఎల్5 వంటి డ్రైవర్ ఫైలు పేరు కనపడేవి. 64 కేబీల మినీడంప్ డిస్క్‌లో దాఖలయ్యేది. మళ్లీ లాగిన్ కాగానే రిపోర్టు పంపమంటారా అని 2001 నాటి ఎక్స్‌పీ అడిగేది. ఒక్క క్లిక్ చాలు. మైక్రోసాఫ్ట్ ఆ డంప్‌లను ఒకే కారణం ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చి లెక్క తీసేది. 20 శాతం బగ్‌లే 80 శాతం తప్పులకు కారణమని 2002 అక్టోబరులో అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బాల్మర్ చెప్పగలిగింది ఈ లెక్కల వల్లే. ఏ కంపెనీ డ్రైవర్ ఎన్ని కంప్యూటర్లను కూలుస్తోందో ఒకచోట తేలడం నిజంగా గొప్ప పని. కానీ క్లిక్ చేసిన మనిషికి తన రిపోర్టు ఎవరు చదివారో తెలిసేది కాదు. లైనక్స్‌లో అన్నీ చేత్తో రాసి పంపాల్సి వచ్చేది. అదృష్టం బాగుంటే ఆ డ్రైవర్ రాసిన మనిషే జవాబిచ్చి, ఈ ప్యాచ్ (సవరించిన కోడ్) వేసి చూడండి అనేవాడు.

2006లో ఈ కథ మలుపు తిరిగింది.

ఆ ఏడాది ఆగస్టులో లాస్‌వెగాస్‌లోని బ్లాక్‌హ్యాట్ సదస్సులో భద్రతా పరిశోధకులు డేవిడ్ మేనర్, జాన్ ఎల్చ్ ఒక వీడియో వేశారు. అందులో వైఫై డ్రైవర్‌లోని తప్పును పట్టుకుని, గాలిలో పంపిన ఫ్రేములతోనే ఒక మ్యాక్‌బుక్‌ను చేజిక్కించుకున్నారు. వాళ్లు తమకు పనికొచ్చే ఆధారాలేవీ ఇవ్వలేదని ఆపిల్ కొట్టిపారేసింది. సెప్టెంబరు 21న అదే ఆపిల్ ఎయిర్‌పోర్ట్ డ్రైవర్లకు భద్రతా అప్‌డేట్లు విడుదల చేసింది, ఆ లోపాలు తమ సొంత తనిఖీలో దొరికాయని చెప్పింది. నవంబరు నెలంతా రోజుకొక కెర్నెల్ బగ్ బయటపెట్టే కార్యక్రమం ఒకటి నడిచింది. మొదటి రోజే ఆపిల్ పాత ఎయిర్‌పోర్ట్ డ్రైవర్ వంతు, దాన్ని కనిపెట్టినవారు హెచ్.డి. మూర్. 11వ తేదీన బ్రాడ్‌కామ్ విండోస్ డ్రైవర్, ఆ తర్వాత డీలింక్, నెట్‌గేర్ యూఎస్‌బీ కార్డుల డ్రైవర్లు.

బ్రాడ్‌కామ్ తప్పును కాస్త దగ్గరగా చూడాలి. వైఫై నెట్‌వర్క్ పేరు 32 బైట్లు దాటకూడదని ప్రమాణం. అయితే ఫ్రేములో పేరు కంటే ముందు దాని పొడవు చెప్పే బైటు ఒకటి వస్తుంది. ఒక బైటులో 255 దాకా ఏ అంకె అయినా పడుతుంది. డ్రైవర్ మాత్రం నెట్‌వర్క్ పేరు కోసం కొద్దిపాటి జాగా పెట్టుకుని, ఫ్రేము చెప్పిన పొడవును నమ్మి అన్ని బైట్లూ కాపీ చేసేసింది. నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతున్న కార్డుకు పొడవైన పేరు పెట్టి జవాబు ఫ్రేము పంపితే చాలు, కెర్నెల్ మెమరీ చెదిరిపోతుంది. పేరును పొందిగ్గా అమర్చితే కూలడం మానేసి, పంపినవాడు చెప్పినట్టు వింటుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, నెట్‌వర్క్‌కు కలవనక్కర్లేదు, వైఫై ఆన్‌లో ఉంటే సరి. డిసెంబరులో ఫ్రాన్స్ టెలికాం పరిశోధకులు లైనక్స్ మ్యాడ్‌వైఫై డ్రైవర్‌లో కూడా ఇదే జాతి తప్పు పట్టుకున్నారు. మ్యాడ్‌వైఫై బృందం వెంటనే 0.9.2.1 విడుదల చేసింది. అంతవరకు చిరాకుగా భావించిన వైఫై క్రాష్ ఆ నాలుగు నెలల్లో భద్రతా సమస్య అయింది. అప్పటి నుంచి రిపోర్టులను చూసే చూపు మారింది.

అదే సమయంలో డ్రైవర్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బ్రాడ్‌కామ్ సహకరించకపోయినా స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్లు ఆగలేదు. ఒక బృందం విండోస్ డ్రైవర్ ఎలా నడుస్తోందో పరిశీలించి వివరాలు రాసింది. ఆ డ్రైవర్ ముఖం చూడని రెండో బృందం ఆ వివరాలతో కొత్త డ్రైవర్ రాసింది. అది 2006 జూన్‌లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. డివైస్‌స్కేప్ అనే కంపెనీ బయటపెట్టిన కోడ్ 2007 జూలైలో మ్యాక్80211 పేరుతో 2.6.22లోకి వచ్చింది. స్కానింగ్, కనెక్షన్, ఎన్‌క్రిప్షన్ లాంటి పనులు ప్రతి డ్రైవర్ తన సొంతంగా, తన సొంత తప్పులతో చేసుకునే పద్ధతి దీంతో తగ్గింది. ఒక కార్డు వాడే మనిషి రిపోర్టు చేసిన తప్పును సరిచేస్తే పది కార్డులవాళ్లకు మేలు జరగడం మొదలైంది. 2008లో ఎథిరోస్ కార్డులకు ఎథ్5కె, ఎథ్9కె డ్రైవర్లు కెర్నెల్‌లో చేరాయి. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా దిగివచ్చి తన డ్రైవర్ సోర్స్ ఇచ్చింది. ఎన్‌డిస్‌ర్యాపర్ అవసరం క్రమంగా తీరిపోయింది.

రిపోర్టు పంపే పద్ధతి కూడా మెరుగైంది. 2007 చివర ఇంటెల్‌లో పనిచేసే అర్యన్ వాన్ డి వెన్ కెర్నెల్‌ఊప్స్ అనే సేవ మొదలుపెట్టారు. కంప్యూటర్ పూర్తిగా ఆగిపోకుండా ఊప్స్ వచ్చి ఊరుకున్న సందర్భాల్లో, ఒక చిన్న ప్రోగ్రామ్ దాన్ని లాగ్‌లోంచి ఏరి, అనుమతి అడిగి పంపేది. ఏ ఊప్స్ ఎంతమందికి వచ్చిందో డెవలపర్లకు తొలిసారి లెక్కల్లో కనపడింది. ఉబుంటులో అపోర్ట్, ఫెడోరాలో ఏబీఆర్‌టీ అదే కోవలోవి.

అయినా మనిషి శ్రమ తీరలేదు. నిన్నటి కెర్నెల్‌లో బాగున్న వైఫై ఇవాళ్టి కెర్నెల్‌లో కూల్చేస్తే, ఆ రెంటి మధ్య చేరిన వేల మార్పుల్లో దోషి ఏదో తేల్చాలి. 2005లో కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ వచ్చాక దానికి బైసెక్ట్ అనే సాధనం దొరికింది. మధ్యలో ఉన్న కెర్నెల్‌ను కట్టుకో, బూట్ చెయ్యి, కూలిందా లేదా చెప్పు. కూలితే ముందు సగంలో, కూలకపోతే తర్వాతి సగంలో మళ్లీ వెతుకు. పది పన్నెండు సార్లు ఇలా చేస్తే వేల మార్పుల్లోంచి ఒక్కటి మిగులుతుంది. అప్పటి ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ కట్టడానికే గంట పట్టేది. జీతం లేకుండా, కోడ్ రాయడం రాకున్నా, రాత్రులు మేలుకుని ఆ పని చేసినవాళ్లు ఎందరో. ప్యాచ్‌ల అడుగున రిపోర్ట్ చేసినవారు, పరీక్షించినవారు అనే వరుసల్లో వాళ్ల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. వైఫై ఇవాళ ఇంత నిలకడగా నడుస్తోందంటే దాంట్లో సగం ఘనత ఆ వరుసలదే.

డ్రైవర్లు కుదుటపడ్డాక తప్పులు ఫర్మ్‌వేర్‌లోకి జరిగాయి. ఇంటెల్ కార్డులవాళ్లకు బాగా పరిచయమైన లాగ్ వరుస ఒకటుంది: మైక్రోకోడ్ ఎస్‌డబ్ల్యూ ఎర్రర్ డిటెక్టెడ్, రీస్టార్టింగ్. కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ కూలింది, డ్రైవర్ దాన్ని మళ్లీ లేపుతోంది అని అర్థం. వాడేవాళ్లకు వైఫై కొన్ని సెకన్లు తెగి మళ్లీ కలుస్తుంది, అంతే. కానీ ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ బయట ఎవరి దగ్గరా లేదు. 2017 ఏప్రిల్‌లో గూగుల్ ప్రాజెక్ట్ జీరోలోని గాల్ బెనియామినీ బ్రాడ్‌కామ్ ఫర్మ్‌వేర్‌లోంచి ఫోన్ కెర్నెల్ దాకా వెళ్లవచ్చని చూపించారు. అదే ఏడాది నితాయ్ ఆర్టెన్‌స్టీన్ బ్రాడ్‌పోన్ పేరుతో అదే చిప్‌ల కుటుంబంలో మరో లోపం బయటపెట్టారు. 2020 డిసెంబరులో ఇయాన్ బీర్ వివరించిన ఐఫోన్ లోపం మళ్లీ కెర్నెల్‌లోదే. చుట్టుపక్కల ఫోన్లను ముట్టుకోకుండా రేడియోతోనే రీబూట్ చేయగలిగారాయన. ఆపిల్ దాన్ని అప్పటికే సరిచేసి ఉంది.

ఈలోగా రిపోర్టు చేసే పనిలోకి యంత్రాలు దిగాయి. గూగుల్‌లో డిమిత్రి వ్యూకోవ్ మొదలుపెట్టిన సిజ్‌కాలర్ అనే సాధనం కెర్నెల్ మీద తలాతోకా లేని ఇన్‌పుట్లు గుమ్మరించి కూల్చి చూస్తుంది. దాని తోడుగా సిజ్‌బాట్ ఆ క్రాష్‌లను డెవలపర్లకు తానే రాసి పంపుతుంది. 2019లో అది యూఎస్‌బీ వైఫై డ్రైవర్లలో వరుసగా బగ్‌లు బయటికి లాగింది. అసలు కార్డే లేకుండా ఉత్తుత్తి రేడియోతో వైఫైని పరీక్షించే హెచ్‌డబ్ల్యూసిమ్ డ్రైవర్ 2008 నుంచే కెర్నెల్‌లో ఉంది.

2022లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన సోంకె హుస్టర్ ఇలాగే ఫ్రేములు గుమ్మరిస్తూ లైనక్స్ వైఫై కోడ్‌లో ఒక తప్పు పట్టుకుని లైనక్స్ కంపెనీ సూసేకు తెలిపారు. ఇంటెల్‌లోని జొహానెస్ బెర్గ్ దాన్ని సరిచేస్తుండగా మరికొన్ని తేలాయి. మొత్తం ఐదు లోపాలకు సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) వచ్చాయి. వాటిలో కొన్ని కెర్నెల్‌ను కూలుస్తాయి, కొన్ని అంతకంటే ప్రమాదం. అన్నీ గాల్లోంచి వచ్చే బీకన్ ఫ్రేములతో జరిగేవే. మొదటి లోపానికి మూలం 2019లో చేరిన కోడ్: పొడవు లెక్క పెట్టడానికి వాడిన ఒక్క బైటు 255 దాటాక పొర్లిపోవడం. అంతకు పదహారేళ్ల ముందు బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను కూల్చింది కూడా ఒక బైటు పొడవే. ఈసారి తేడా ఏమిటంటే, లోపాలు బయటికి చెప్పిన రోజుల్లోనే ప్యాచ్‌లు స్థిరమైన కెర్నెళ్లకు చేరాయి.

యంత్రాలు ఎన్ని పట్టినా, నిద్రలోంచి లేపినప్పుడు ఒక ప్రత్యేకమైన ల్యాప్‌టాప్‌లో ఒక ప్రత్యేకమైన కార్డు చేసే పేచీని పట్టేది దాన్ని వాడే మనిషే. మీ ల్యాప్‌టాప్ వైఫై దగ్గర కూలితే రీస్టార్ట్ చేసి ఊరుకోకండి. కెర్నెల్ వెర్షన్, కార్డు పేరు, కూలడానికి ముందు చేసిన పని రాసి పెట్టుకోండి. లాగ్‌ను కత్తిరించకుండా, తెర ఫోటో అయితే పై వరుసలు కనపడేలా, డ్రైవర్ చూసుకునేవాళ్లకు పంపండి. పాత కెర్నెల్‌లో బాగుందో లేదో కూడా చెప్పండి. రిపోర్టు ఎలా రాయాలో కొత్తవాళ్లకు అర్థమయ్యేలా థోర్‌స్టెన్ లీమ్‌హుయిస్ రాసిన వివరమైన మార్గదర్శి 2021 నుంచి కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.